క్రెస్కోలో నైట్ హాల్టు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ టీఏ బిల్లుల్లో "నైట్ హాల్టు" అని ఎన్ని వందలసార్లు రాసుంటానో నాకే తెలియదు. హిరమండలం, మెళియాపుట్టి, మందస, సీతంపేట. వ్యవసాయ విస్తరణాధికారికి అప్పట్లో జీపు లేదు. ఆఖరి బస్సు తప్పిపోతే ఆ ఊళ్లోనే పడక. పంచాయతీ ఆఫీసు అరుగు మీద పడుకున్నాను, రైసుమిల్లు వసారాలో పడుకున్నాను, ఓసారి మందస దగ్గర జీడిపిక్కల గోదాములో పడుకుని తెల్లారేసరికి ఒళ్లంతా దద్దుర్లతో లేచాను. రిటైరై ఆరేళ్లయింది. ఆ మాట మళ్లీ రాసే పని పడదనుకున్నాను. పోయిన నెల నుంచి మళ్లీ రాస్తున్నాను. ఈసారి ఊరి పేరు క్రెస్కో. అమెరికాలో అయోవా రాష్ట్రం, హోవర్డ్ కౌంటీ.

మా అమ్మాయి, అల్లుడు మినియాపొలిస్‌లో ఉంటారు. మేమిద్దరం వెళ్లడం ఇది రెండోసారి. మొదటిసారి అందరూ చూపించేవే చూపించారు, మేమూ అందరూ తీయించుకునే ఫోటోలే తీయించుకున్నాం. ఈసారి అమ్మాయి ఫోన్ చేసి, "నాన్నా, హోటళ్లు వద్దు. ఆర్వీ, అదే ఇల్లులాంటి బండి, అద్దెకి తీసుకుని పది రోజులు తిరుగుదాం. వంటా అందులోనే, పడకా అందులోనే. దారిలో ఒక్క రాత్రి ఎక్కడ ఆగాలో నువ్వు చెప్పు. ఆ ఊరి పూచీ నీదే" అంది. నేను వెంటనే క్రెస్కో అన్నాను. అవతల కాసేపు మాట లేదు. మ్యాపులో వెతికినట్టుంది. "అక్కడేముంది నాన్నా, మొక్కజొన్న తప్ప?" అంది చివరికి.

ఫోను స్పీకర్లో ఉంది. మా ఆవిడ వంటింట్లోంచే అందుకుంది. "ఏటండీ, ఇంతదూరం ఎగిరెళ్లి మళ్లీ పొలం గట్లేనా? ముప్పైయేళ్లు చూసింది చాల్లేదేటి?"

ఏముందో చెప్పాలి కదా. నార్మన్ బోర్లాగ్ 1914 మార్చి 25న పుట్టింది ఆ ఊరి దగ్గరి పల్లెలో. వాళ్ల కుటుంబానికి 106 ఎకరాల పొలం. మన కళ్లకి అది జమీందారీలా కనిపిస్తుంది, అక్కడి లెక్కన చిన్న కమతం. ఏడో ఏట నుంచి పంతొమ్మిదో ఏట దాకా ఆయన ఆ పొలంలోనే పని చేశాడు. మొక్కజొన్న, ఓట్స్, గడ్డి, పశువులు, పందులు, కోళ్లు. చదువు ఒకే గది, ఒకే టీచరు ఉన్న బడిలో. మన ఏజెన్సీ ఊళ్లలో ఏకోపాధ్యాయ పాఠశాలలు చూసినవాళ్లకు ఆ బడి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఆయనది గోధుమ, మనది వరి. సూత్రం ఒకటే. యూరియా వేస్తే మొక్క ఏపుగా ఎదుగుతుంది, ఎదిగి ఎదిగి వెన్ను బరువుకి పడిపోతుంది. పడిన చేను ఎలా ఉంటుందో మన జిల్లా రైతుకి తెలియనిదా? కోతకొచ్చే వేళకి తుఫాను వస్తే చాలు, నీళ్లలో పడి గింజ మొలకెత్తిపోతుంది. అదే పొట్టి మొక్కయితే తిన్న ఎరువుని గింజకి పెడుతుంది, గాలికి ఓర్చుకుంటుంది. జపాన్‌కి చెందిన నోరిన్ 10 అనే పొట్టి గోధుమని మెక్సికోలో తన రకాలతో కలిపి బోర్లాగ్ సాధించింది అదే. వరిలో ఆ పని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ పరిశోధన సంస్థ చేసింది. 1966లో ఐఆర్ 8 వచ్చింది. ఆ తర్వాత మన మారుటేరు రకాలు, మన రాగోలు పరిశోధన కేంద్రం ఇచ్చిన శ్రీకాకుళం సన్నాలు, అవన్నీ నేను సంచుల్లో మోసి, వేలిముద్రలు వేయించుకుని పంచినవే. బోర్లాగ్‌కి 1970లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది, 2006లో మనవాళ్లు పద్మవిభూషణ్ ఇచ్చారు. నాకు ఆయన పేరు ట్రైనింగులో మొదటి వారమే తెలుసు. ఆ మనిషి నడిచిన గట్టు ఒకటి ఉందంటే చూడాలనిపించదా?

మా ఆవిడ మీద ఈ ఉపన్యాసం ఏమీ పనిచేయలేదు. పనిచేసింది వేరే సంగతి. బోర్లాగ్ క్రెస్కో హైస్కూల్లో కుస్తీ పట్టేవాడు. అయోవా కుస్తీ వీరుల స్మారక మందిరం కూడా ఆ ఊళ్లోనే ఉంది. ఆ మాట చెప్పగానే ఆవిడ చేతిలో గరిటె ఆగింది. "అయితే మన కోడి రామ్మూర్తి లాంటోళ్ల ఊరన్నమాట" అంది. వాళ్ల అమ్మమ్మది వీరఘట్టం. కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగు నిలబడిన కథ వింటూ పెరిగిన మనిషి. అలా ఊరు ఖాయమైంది.

ఇక హాల్టు సంగతి. నేను చేరిన కొత్తలో మా సీనియర్ ఒకాయన చెప్పేవారు, పరాయి ఊళ్లో పక్క పరిచే ముందు మూడు అడగమని. గాలి ఎటునుంచి, నీళ్లెక్కడ, తాళంచెవి ఎవరి దగ్గర. ముప్పైయేళ్లలో ఈ మూడూ అడిగిన రాత్రి నిద్రపోయాను, అడగని రాత్రి జాగారం చేశాను. జీడిపిక్కల గోదాము అడగని రాత్రుల్లో ఒకటి. అయోవాకీ ఈ మూడే పెట్టుకున్నాను.

గాలి సంగతి ముందు. అయోవాలో మనుషులు 32 లక్షలు. పందులు రెండు కోట్ల పైనే. పొడవాటి షెడ్లలో పెంచుతారు. కింద గోతిలో చేరిన పెంటని పంట కోశాక పొలాల్లోకి ఎక్కిస్తారు. ఎరువుగా బంగారమే, నేను కాదనను. కానీ పక్కనే పడుకుంటే మాత్రం, మన కోళ్లఫారం పక్కనుంచి బస్సు వెళ్లేటప్పుడు కిటికీలన్నీ టపటపా ఎలా పడతాయో గుర్తు తెచ్చుకోండి. అందుకని ఉపగ్రహ చిత్రం పెట్టుకుని కూర్చున్నాను. ఒకే కొలతలో తెల్లటి పొడవాటి కప్పులు రెండో మూడో పక్కపక్కన కనిపిస్తే అవి షెడ్లు. మనం బండి పెట్టే చోటికి అవి ఎంత దూరంలో, ఎటు పక్క ఉన్నాయో కాగితం మీద గీసుకున్నాను. అల్లుడికి పంపితే "మావయ్యగారూ, ఇక్కడ పుట్టినవాళ్లు కూడా ఇంత చూడరు" అన్నాడు. మెచ్చుకున్నాడో, నవ్వుకున్నాడో.

ఆ చిత్రం చూస్తుంటే వేరే సంగతి ఒకటి పట్టేసింది, రెండు గంటలు అందులోనే పోయాయి. అక్కడి నేలంతా గళ్ల నోటుబుక్కు. మైలుకో రోడ్డు, అటు మైలు, ఇటు మైలు. మధ్యలో 640 ఎకరాల చదరం. దాన్ని ఒక సెక్షన్ అంటారు. అందులో నాలుగో వంతు 160 ఎకరాలు. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద ఒక్కో కుటుంబానికి ఇచ్చింది అంతే. మన సర్వే నంబర్ల వంకరటింకర గట్లతో, పోరంబోకులతో, అన్నదమ్ముల సరిహద్దు తగాదాలతో జీవితం గడిపినవాడికి అది చూస్తే ఒక రకం అసూయ. అంత తిన్నటి గీతలు గీయడానికి ముందు ఆ నేల మీద ఎవరు తిరిగేవారన్న ప్రశ్న కూడా వస్తుంది. మా సీతంపేట గిరిజన గూడేల్లో పట్టాల పని చూసినవాణ్ణి, రాకుండా ఎలా ఉంటుంది?

గాలితో పాటు చప్పుడు. ఈ ఊళ్లన్నిటికీ మొనగాడు గ్రెయిన్ ఎలివేటరు. "ఎలివేటరంటే లిఫ్టు కదా" అంది మా ఆవిడ. లిఫ్టు కాదు. కాంక్రీటు గొట్టాల్లా, ఇనప పీపాల్లా ఆకాశంలోకి లేచిన ధాన్యం గోదాములు. మన ఎఫ్‌సీఐ గోదాముని నిలువుగా నిలబెడితే ఎలా ఉంటుందో అలాగన్నమాట. ఊరు కనపడక ముందే అది కనిపిస్తుందట, మన దగ్గర గాలిగోపురం కనిపించినట్టు. మొక్కజొన్నని చాలామంది 20 శాతం పైన తేమ ఉండగానే కోసేసి, వేడిగాలితో ఆరబెట్టి 15 శాతానికి దింపుతారు. ఆ ఫ్యాన్లు కోతల రోజుల్లో రాత్రంతా మోగుతూనే ఉంటాయి. పక్కనే రైలు పట్టాలుంటే ఇంక చెప్పక్కర్లేదు. రోడ్డు దాటే ప్రతిచోటా ఇంజను రెండు పొడుగు కూతలు, ఒక పొట్టి, మళ్లీ ఒక పొడుగు కూత వెయ్యాలి, అర్ధరాత్రయినా సరే. మేం ఆమదాలవలసలో స్టేషను పక్కనే మూడేళ్లున్నాం, మాకు రైలు జోలపాటే. కానీ మర్నాడు బండి నడపాల్సింది అల్లుడు. అందుకని దారిలో వరసలో రెండోదిగా పెట్టుకున్న ఒక ఊరిని ఈ పట్టాల కారణంగానే కొట్టేశాను.

నీళ్ల విషయానికి వస్తే ముందు బండి గురించి చెప్పాలి. మేం తీసుకునేది 25 అడుగుల బండి. క్లాస్ సీ అంటారు. డ్రైవరు నెత్తిమీదకి కూడా ఒక మంచం పొడుచుకొచ్చి ఉంటుంది. మన పల్లెవెలుగు బస్సు కన్నా పొట్టిది, ఎత్తు మాత్రం పన్నెండు అడుగుల దాకా. దారిలో వంతెనల కింద రాసిన ఎత్తు చూసుకుంటూ పోవాలి. అందులో మంచినీళ్ల ట్యాంకు 40 గ్యాలన్లు, అంటే 150 లీటర్లు. మన పెరట్లో నీలం డ్రమ్ముకి కూడా చాలదు. నలుగురం. మా ఆవిడ గిన్నెలు తోమితే ఆ డ్రమ్ము ఎంతసేపు? కింద ఇంకో రెండు ట్యాంకులు. స్నానం, సింకు నీళ్లు ఒకదాంట్లోకి, మరుగుదొడ్డివి ఇంకోదాంట్లోకి. ఈ రెండోదాన్ని మనమే, మన చేతులతోనే గొట్టం తగిలించి ఖాళీ చేసుకోవాలని అల్లుడు ఎంతో మామూలుగా చెప్పాడు. మా ఆవిడ ఫోను నాకిచ్చేసి లేచి వెళ్లిపోయింది.

దానికీ ఒక వరస ఉంది. ముందు మరుగుదొడ్డి ట్యాంకు వదలాలి, తర్వాత స్నానాల నీళ్లది. సబ్బునీళ్లు వెనక వస్తే గొట్టం దానంతటదే కడుక్కుంటుంది. తిరగేసి చేస్తే తిప్పలే. చేతికి తొడుగులు. ఆ గొట్టాన్ని మంచినీళ్ల గొట్టం దగ్గరికి రానివ్వకూడదు. పురుగుమందు కొట్టిన స్ప్రేయరు కడిగే చోట బిందె పెట్టొద్దని ఎన్ని ఊళ్లలో మొత్తుకున్నానో, ఇదీ అలాంటిదే. ఆ డ్యూటీ నాదేనని రాసిచ్చేశాను, గొడవ వదిలిపోయింది.

కరెంటు, నీళ్లు, మురుగు మూడూ ఇచ్చే చోటుని ఫుల్ హుకప్ అంటారు. చిన్న ఊళ్లలో ఎక్కువగా దొరికేది కరెంటు స్తంభం ఒక్కటే. నీళ్లు ఒక కుళాయి దగ్గర పట్టుకోవాలి, మురుగు ఇంకో చోటికి వెళ్లి వదలాలి. ఒక్క రాత్రికి అది చాలు. ఊళ్లోకి వచ్చే ముందే ట్యాంకు నింపుకుని, పొద్దున వెళ్లేటప్పుడు ఖాళీ చేసుకుంటే సరి.

అసలు చిక్కు తేదీల దగ్గర వచ్చింది. నాకు కోతలు చూడాలి. ఆ ఉత్తరపు కొసన సోయా కోతలు సెప్టెంబరు రెండో సగంలో మొదలవుతాయి, మొక్కజొన్న అక్టోబరులో ఊపందుకుంటుంది. అందుకని నేను అక్టోబరు మూడో వారం అన్నాను. అల్లుడు వెతికి చెప్పాడు, చాలా పార్కుల్లో అక్టోబరు మధ్యకల్లా కుళాయిలు కట్టేస్తారని. గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టి పగిలిపోతాయి కదా. నీళ్లు గడ్డకడతాయన్న ఆలోచనే నాకు రాలేదు. మా వంశధార కాలవలో నీళ్లు రాకపోవడం తెలుసు, వచ్చి గట్టు తెంచుకోవడం తెలుసు. రాయైపోవడం తెలియదు. సరే, ముందుకి జరుపుదామంటే పొలంలో పంట నిలబడే ఉంటుంది, కోత ఉండదు.

ఇంతలో మా ఆవిడ గోడమీద క్యాలెండరు తెచ్చి బల్లమీద పెట్టింది. వాళ్ల పుట్టిల్లు విజయనగరం, మూడు లాంతర్లకి కూతవేటు దూరం. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి సిరిమాను. పెళ్లయ్యాక ఒక్క ఏడూ తప్పలేదు, కరోనా ఏడు టీవీలో చూసి ఏడ్చింది. "నీళ్లు కట్టేస్తారో తెరుస్తారో నాకు తెలీదు. సిరిమానుకి నేను కోట దగ్గరుండాలి" అంది. ఇంక మూడో గీత పడిపోయినట్టే. దసరా ఈసారి ఆలస్యంగా రావడం మా అదృష్టం. కోతలు, కుళాయిలు, అమ్మవారు ముగ్గురికీ ఒప్పుదలైన తేదీ అక్టోబరు మొదటి శనివారం. పంచాయతీల్లో రాజీ కుదిర్చిన అనుభవం ఊరికే పోలేదు.

ఇక మూడోది, తాళంచెవి. అయోవాలో 99 కౌంటీలు. ప్రతి కౌంటీకీ పార్కులూ, అడవులూ చూసుకునే ఒక బోర్డు ఉంటుంది. చాలా బోర్డులకి బండ్లు పెట్టుకునే పార్కులున్నాయి. కొన్ని ఊళ్లలో మునిసిపల్ పార్కులోనే నాలుగైదు కరెంటు స్తంభాలు పాతి ఉంటాయి. కొన్నిచోట్ల సంత జరిగే మైదానంలో పెట్టుకోనిస్తారు. చాలాచోట్ల బుకింగు లేదు, ముందొచ్చినవాడిదే చోటు. నన్ను కదిలించింది డబ్బు కట్టే పద్ధతి. గేటు దగ్గర ఒక ఇనప గొట్టం పాతి ఉంటుంది. పక్కనే కవర్లు. కవరు మీద బండి నంబరు, ఎన్ని రాత్రులో రాసి, నోట్లు లోపల పెట్టి, గొట్టంలో వేసెయ్యడమే. చూసేవాడు లేడు, అడిగేవాడు లేడు. ఈ మాట మా బావకి చెప్పాను. నరసన్నపేట దగ్గర నాలుగెకరాల రైతు. నమ్మలేదు. కాసేపాగి, "ఆ గొట్టం ఎత్తుకుపోరేటి బావా?" అన్నాడు.

ఇదంతా తెలిసే ముందు ఒక పొరపాటు చేశాను, దాచడమెందుకు. శనివారం చోటు దొరకదేమోనన్న టెన్షన్‌లో, అమ్మాయికి చెప్పకుండా దారిలో ఉన్న ఒక ప్రైవేటు పార్కులో ఆన్‌లైన్‌లో నేనే బుక్ చేశాను. బండి పొడవు ఎంత అని అడిగింది. 25 అడుగుల్ని శ్రద్ధగా మీటర్లలోకి మార్చి 7.6 అని కొట్టాను. అది అడిగింది అడుగుల్లో. కంప్యూటరు ఏమీ అనలేదు. ఏడున్నర అడుగులకి సరిపోయే చోటు, అంటే గుడారం వేసుకునే గడ్డి ముక్క, నా పేరున రాసేసింది. రద్దు చేస్తే ఖర్చులకింద కొంత పట్టుకున్నారు. ముప్పైయేళ్లు సెంట్లు, ఎకరాలు, హెక్టార్లు మార్చిన చెయ్యి ఇది. అమ్మాయి నాలుగు రోజులు నన్ను "ఏడున్నర అడుగుల నాన్నా" అని పిలిచింది.

తిండి గురించి పెద్దగా భయం లేదు. శనివారం మా ఆవిడ ఒంటిపూట, నీసు ముట్టదు. ఆ ఊళ్లలో చీకటి పడ్డాక తెరిచి ఉండేది పెట్రోలు బంకు. అయోవాలో ఎక్కడ చూసినా కేసీస్ అని ఉంటుంది. 1968లో ఆ రాష్ట్రంలోనే బూన్ అనే ఊళ్లో పుట్టిన కంపెనీ. పెట్రోలుతో పాటు పిజ్జా అమ్ముతారు. జున్ను పిజ్జా మాకు, మిగతాది వాళ్లకి. ఆవిడ మాత్రం ఇక్కడి రైస్ కుక్కరు పట్టుకొస్తానంది. అక్కడి కరెంటు 120 వోల్టులు. మన 230 వోల్టుల కుక్కరుకి అది పెడితే వేడి సగం కాదు, పావువంతు వస్తుంది. బియ్యం నానతాయి, ఉడకవు. అమ్మాయి కుక్కరే పెట్టాలి. బండికి వచ్చే తీగ 30 ఆంపియర్లది, అంటే మొత్తం 3600 వాట్లు. కుక్కరు, ఏసీ, మైక్రోవేవు ఒకేసారి వేస్తే స్తంభం దగ్గర ట్రిప్ అవుతుంది. అన్నం ఉడికాకే ఏసీ అని రూలు పెట్టాం. అక్టోబరులో ఏసీ ఎవరికి కావాలో నాకర్థం కాదు, అల్లుడికి కావాలట.

కంకులు కాల్చుకుందామని ఆవిడ ఆశ. చెప్పక తప్పలేదు. ఆ సముద్రమంత మొక్కజొన్నలో మనం తినే రకం దాదాపు లేదు. ఎక్కువ భాగం పశువుల దాణాకీ, ఇథనాల్‌కీ పోతుంది. అక్టోబరుకి గింజ రాయిలా ఎండి ఉంటుంది. "అంత పొలంలో ఒక్క పొత్తు కూడా లేదా!" అని ఆవిడ ఆశ్చర్యపోయింది. నిజానికి నేను కూడా ఆ మాట చెప్తూ ఆగాను.

గాలివాన మాట మా బావ ఎత్తాడు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి కూకటివేళ్లతో లేచిపోవడం మేమిద్దరం కలిసి చూశాం. నష్టం లెక్కలు రాయడానికి నేను వెళ్తే మోటారుసైకిలు మీద వెనక కూర్చున్నది అతనే. అక్కడా అలాంటిది ఉంది. 2020 ఆగస్టు 10న డెరేచో అనే గాలివాన అయోవాకి అడ్డంగా దూసుకుపోయింది. సెడార్ ర్యాపిడ్స్ దగ్గర గాలి గంటకి 140 మైళ్ల దాకా వీచిందని అంచనా. లక్షల ఎకరాల మొక్కజొన్న చాపలా పడిపోయింది. ఆ ఫోటోలు చూపిస్తే బావ చాలాసేపు మాట్లాడలేదు. "తిత్లీయే" అన్నాడు. అక్టోబరులో ఆ ప్రమాదం తక్కువే. అయినా హెచ్చరిక వస్తే బండిలో ఉండకూడదు, స్నానాల గదుల కట్టడంలోకి పోవాలి. ఫోనులో వాచ్ అని వస్తే రావచ్చని, వార్నింగ్ అని వస్తే వచ్చేసిందని. ఇంట్లో అందరిచేతా వల్లె వేయించాను.

దారి సులువు. మినియాపొలిస్ నుంచి దాదాపు 150 మైళ్లు, శ్రీకాకుళం నుంచి విశాఖ వెళ్లి వచ్చినంత. రోచెస్టర్ దాటాక 63వ నంబరు హైవే మీద దక్షిణంగా, అయోవాలోకి వచ్చాక 9వ నంబరు మీద తూర్పుకి. కోతల రోజుల్లో రోడ్డు మీద కంబైన్లు నడుస్తాయి. వెనక నారింజ రంగు త్రికోణం కనిపిస్తే తొందరపడకుండా దాని వెనకే వెళ్లమన్నాను. ఎడ్లబండి వెనక బస్సు నడిపిన డ్రైవర్లని చూసినవాణ్ణి, ఓపిక నేర్పగలను.

ఊళ్లో నాకున్న పని చిన్నదే. బోర్లాగ్ పొలం, ఆ బడి చూడటానికి ముందుగా అడిగి వెళ్లాలి కాబట్టి అమ్మాయి ఆ పని మీద ఉంది. మిగతా సమయంలో ఎలివేటరు దగ్గర తూకం వేసే చోట నిలబడతాను. ఎవరైనా మాట్లాడితే మాట్లాడతాను. నా నోటుబుక్కులో ప్రశ్నలు రాసుకున్నాను. తేమ 15 శాతం దాటితే ధరలో ఎంత కోస్తారు? మన కొనుగోలు కేంద్రంలో ధాన్యానికి 17 శాతం దాటితే ఎంత గొడవో నాకు తెలుసు. వాళ్ల దగ్గర మిషను చూపించిన అంకె మీద రైతు నోరెత్తుతాడా, ఊరుకుంటాడా? వాళ్ల కొలత బుషెల్, మొక్కజొన్నకి 56 పౌండ్లు, మన 25 కేజీల చిల్లర. ఎకరాకి 200 బుషెళ్లు మామూలట. అంటే 50 క్వింటాళ్లు. మన దగ్గర రబీ మొక్కజొన్న బాగా చేసినవాళ్లకి 40 దాకా చూశాను. మా బావ ఒకటే ప్రశ్న పంపాడు. "అంతా అయ్యాక చేతిలో మిగిలేదెంత, అది అడుగు."

ఒక ఆశ మాత్రం తీరలేదు. మా పొలంలో శ్రీకాకుళం సన్నాల వెన్ను ఒకటి పట్టుకెళ్లి, ఆ 106 ఎకరాల గట్టు మీద పెడదామనుకున్నాను. అమ్మాయి వద్దంది. నిజమే, గింజ సరిహద్దు దాటితే దాంతో పాటు ఏ తెగులు దాటుతుందో ఎవరికి తెలుసు? క్వారంటైన్ నిబంధనలు రైతులకి పాఠంలా చెప్పినవాణ్ణే నేను. ఫోనులో ఫోటో తీసుకున్నాను, అదే చూపిస్తాను, గట్టుకి.

కస్టమ్స్ కాగితంలో ఒక ప్రశ్న ఉంటుంది, ఈమధ్య పొలంలోకి వెళ్లావా అని. పోయినసారి అమ్మాయి చెప్పినట్టు "లేదు" అని పెట్టేశాను, తప్పే. ఈసారి "వెళ్లాను" అని పెడతానని చెప్పేశాను. అందుకని నిన్న మా ఆవిడ నా చెప్పులూ, బూట్లూ పెరట్లో వరసగా పెట్టి, బట్టల సబ్బుతో, పాత టూత్‌బ్రష్‌తో అంచులన్నీ తోమింది. ఎడమ బూటు మడమ దగ్గర రాగోలు నల్లమట్టి ఎంతకీ వదల్లేదు. "ఇది అమెరికా ఎందుకండీ" అంటూ ఇంకో మగ్గు నీళ్లు పోసింది.